చెరువు కట్టకు తగిలేది ఒత్తిడా, పీడనమా, పోటా?

అనంతపురం నుంచి ప్రశ్న:
రక్తపోటు అంటాం, గుండెపోటు అంటాం. రెండింట్లో ఉన్న ‘పోటు’ ఒకటేనా? పేపర్లో ‘కట్టపై నీటి ఒత్తిడి’ అని రాశారు. మా పాప సైన్సు పుస్తకంలో ‘పీడనం’ అని ఉంది. మూడూ ఒకటేనా అమ్మా అని అడిగితే చెప్పలేకపోయాను.

కడప జిల్లా నుంచి జవాబు:
అక్కా, పొడుచు అన్న క్రియ నుంచి వచ్చింది పోటు. కత్తిపోటు అందుకే. గుండెపోటులోనూ ఆ పొడిచే నొప్పే ఉంది. ఉప్పొంగి వచ్చే నీళ్ళనూ పోటు అన్నారు: ఆటుపోట్లు, వరదపోటు. రక్తపోటు ఈ రెండో వైపు మాటని నా ఉద్దేశం.

నాకు ఈ మాట పుస్తకం కంటే ముందు మా తాత నోట తెలిసింది. పోరుమామిళ్ళ వైపు ఒక చిన్న చెరువుకు ఆయన నీరుగంటి, అంటే చెరువు నీళ్ళు వదిలి పొలాలకు పంచే మనిషి. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము బిరడా, అంటే కట్ట కిందుగా నీళ్ళు వదిలే దారికున్న మూత, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. తువ్వాలు నడుముకు బిగించుకుని, రెండు రాతి స్తంభాల మధ్య నిలబడి గుంజుతూ ‘నీళ్ళ పోటు జాస్తిగా ఉందిరా’ అనేవాడు. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటాక అదే బిరడాను ఒంటిచేత్తో లేపేవాడు. బిరడా బరువు అదే. దాని నెత్తిన నీళ్ళ లోతు తగ్గింది, అంతే. కింద తూములో ఉండేది గాలి కాబట్టి, పైనుంచి నొక్కే నీళ్ళకు ఎదురు నొక్కేవి లేవు.

పీడనం అంటే ఒక చదరపు మీటరు మీద ఎంత బలం పడుతోందన్న లెక్క. నీళ్ళలో ప్రతి మీటరు లోతుకూ సుమారు 9,800 పాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. దీనికంటూ ఒక దిక్కు లేదు. నీళ్ళలో మునిగినవాడి రొమ్మునూ వీపునూ రెండు చెవులనూ అన్నివైపుల నుంచీ నొక్కుతుంది. పోటుకు దిక్కుంది. పోటు అన్నాక దేన్నో ఒకదాన్ని పొడవాలి. కట్టనంతటినీ కలిపి నీళ్ళు నెట్టే బలముందే, దానికి ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు కనబడలేదు.

కట్ట దగ్గర లోతు 3 మీటర్లనుకోండి. కట్ట పొడవులో ఒక్కో మీటరునూ అడ్డంగా నెట్టే పోటు దాదాపు 4.5 టన్నుల బరువంత. లోతు 6 మీటర్లయితే అది 9 కాదు, 18. చెరువు వెనక్కి మైలు దూరం పరుచుకున్నా, పావుమైలే ఉన్నా ఈ లెక్క మారదు, లోతొక్కటే మారుస్తుంది. కట్టను అడుగున అంత వెడల్పుగా పోయడానికి ఇదొక కారణం.

పోటుకు కట్ట నిలబడినా నీళ్ళు ఊరుకోవు, మట్టి సందుల్లో దారి వెతుక్కుంటాయి. ఊట బుంగవుతుంది, బుంగ గండి అవుతుంది. మా పోరుమామిళ్ళ చెరువు శాసనం, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించినది, మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ చెబుతుంది. ఆ ఆరింట్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం.

ఇలాంటి చోట్ల ‘బలం’ అని మాత్రమే రాసి పోటును వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. కొలతకు పీడనం, తగిలేచోట పోటు వాడితే పిల్లలకు తేడా మాటలోనే తెలుస్తుంది.

కర్నూలు నుంచి:
సార్, మీ లెక్కన రక్తపోటు తప్పు మాట కదా? 120/80 అని పాదరసం మిల్లీమీటర్లలో కొలిచేది పీడనాన్నే. రక్తపీడనం అనాలేమో. మరి ఒత్తిడిని ఎందుకు పక్కన పెట్టారు?

కడప జిల్లా నుంచి:
తమ్ముడూ, కొలిచేది పీడనమే, ఒప్పుకుంటాను. 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 163 సెంటీమీటర్ల నీళ్ళ లోతు, మనిషి ఎత్తంత. అయినా ఆ మాటను మార్చమనను. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఉప్పొంగి నాళం గోడను తాకుతుంది. నాడి పట్టుకుంటే వేలికి తగిలేది ఆ పోటే. పైగా ‘పీడనం’ వినగానే మన చెవికి పీడ, పీడించడం గుర్తొస్తాయి. సంస్కృతంలో ఆ ధాతువుకు నొక్కడం, పిండడం అన్న అర్థాలూ ఉన్నాయి, క్లాసులో అది ఒకసారి చెప్పాలి.

ఒత్తిడి చక్కటి మాట. అప్పడాలు ఒత్తుతాం, పెద్దవాళ్ళ కాళ్ళు ఒత్తుతాం. కానీ ఇప్పుడు ఒత్తిడి అంటే పిల్లలకు పరీక్షలే. టెన్షన్ సంగతీ అంతే: నేను బోర్డు మీద తాడు గీసి టెన్షన్ అని రాస్తే, వాళ్ళకు రిజల్ట్స్ గుర్తొస్తాయి. అందుకే లెక్కలు చేయించేటప్పుడు పీడనం అనే అంటాను.

మీ కేసీ (కర్నూలు–కడప) కాలువ వైపు ఊళ్ళలో తూము బిరడాను ఏమంటారు? నిండిన చెరువులో నీళ్ళు పొర్లిపోయే చోటును మాలాగే ‘మరవ’ అంటారా, ‘అలుగు’ అంటారా? పెద్దవాళ్ళను అడిగి ఇక్కడ రాయండి, నేను నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటున్నాను.