పాఠాలు చెప్పే చిన్న కళాశాలలో పరిశోధనలు దేనికి?

అట్లాంటా అమ్మ:
మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ (సైన్సు, సాహిత్యం, సామాజిక శాస్త్రాలు అన్నీ డిగ్రీ స్థాయిలో చెప్పే) కళాశాలలో ఎకనామిక్స్ చదువుతోంది. మొత్తం విద్యార్థులు రెండు వేలు ఉండరు, పీహెచ్‌డీ కోర్సులే లేవు. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతోంది. కళాశాల పంపే పత్రిక తెరిస్తే చాలు, ఒకాయన సాలీడు దారం ఎంత బరువు మోస్తుందో కొలుస్తుంటారు, ఒకావిడ పాత చర్చి గంటల మీద పుస్తకం రాస్తుంటారు, మరొకాయన పేకముక్కలు కలపడంలో గణితం వెతుకుతుంటారు. వచ్చే ఏడాది మా అమ్మాయికి పాఠం చెప్పాల్సిన ప్రొఫెసరు పుస్తకం రాసుకోవడానికి ఏడాది సెలవు పెట్టారు. పరిశోధనలకు పెద్ద విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కదా? మేము డబ్బు కట్టింది పాఠాల కోసం.

కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, అడగవలసిన ప్రశ్న అడిగారు. నేను గోదావరి ప్రాంతంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. 2010లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అధ్యాపకుల పదోన్నతికి ఏపీఐ అని మార్కుల పద్ధతి తెచ్చింది. పేపరుకు ఇన్ని మార్కులు, సెమినారుకు ఇన్ని అని లెక్క. మా ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌కే దిక్కు లేదు, బ్యాలెన్సు మీద దుమ్ము తుడిచేవారు లేరు. వారానికి 16 గంటల బోధన అన్నది కాగితం మీది మాట. ఖాళీ పోస్టుల పాఠాలు కూడా మా నెత్తినే పడతాయి. అయినా పదోన్నతి కావాలంటే పేపర్లు చూపించాల్సి వచ్చేది. ఇంకేముంది, డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు వీధికొకటి వెలిశాయి. 2018లో యూజీసీ తన సొంత జాబితాలోంచే 4,305 పత్రికలను తొలగించిందంటే ఎంత చెత్త పేరుకుందో చూడండి. అదే ఏడాది కొత్త నిబంధనల్లో కళాశాలల వారికి ఆ భారం తగ్గించారు. ఈలోపు పేపర్లు కొనుక్కున్న నా జూనియరు నాకంటే పై మెట్టు ఎక్కేశారు. నేను కొనలేదు, అక్కడే ఉన్నాను.

నిబంధనల పుస్తకం:
16 గంటలు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు. అసోసియేట్ ప్రొఫెసర్లకు, ప్రొఫెసర్లకు 14.

ఒహాయో పంతులు:
నేను అలాంటి చిన్న కళాశాలలోనే సైకాలజీ చెబుతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మాస్టారి బాధ మార్కుల పద్ధతి పెట్టిన బాధ. దాన్ని తెచ్చి పరిశోధన మీద రుద్దడం న్యాయం కాదు.

ఫిలడెల్ఫియా పక్కనే స్వార్థ్‌మోర్ అనే చిన్న కళాశాల ఉంది. సాలమన్ ఆష్ 1947 నుంచి చాలా ఏళ్లు అక్కడ పాఠం చెప్పారు. ఒక కార్డు మీద గీత, రెండో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటిదానితో సమానమైనది ఏది? పసిపిల్లలు కూడా చెప్పగలరు. అయితే గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు సమాధానం చెబుతారు. విషయం తెలియని ఒక్క విద్యార్థి ఏమంటాడన్నదే పరీక్ష. కళ్లెదుట కనిపిస్తున్నా, దాదాపు నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపు మాటకే తల ఊపారు. 1951లో అచ్చయిన ఆ పనిని నేటికీ ప్రపంచమంతా పాఠంగా చదువుతోంది. దానికి ఖరీదైన యంత్రాలేవీ వాడలేదు. విద్యార్థుల మధ్య రోజూ తిరిగే మనిషికి వచ్చిన ఆలోచన అది.

పెద్ద విశ్వవిద్యాలయంలో పేరున్న ప్రొఫెసరు చుట్టూ పీహెచ్‌డీ వాళ్లు, పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లు) ఉంటారు. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లకు ఆయన దర్శనం దొరకడమే గగనం. మా దగ్గర పీహెచ్‌డీ విద్యార్థులు లేరు. అందుకే ప్రయోగంలో మా పక్కన నిలబడేది డిగ్రీ పిల్లలే.

అట్లాంటా అమ్మ:
అదంతా 1951. ఏడాది సెలవు సంగతి చెప్పండి.

ఒహాయో పంతులు:
ఏటా తీసుకునే సెలవు కాదమ్మా, సాధారణంగా ఆరేళ్లు పనిచేశాక ఏడో ఏట వస్తుంది. ఆ ఏడాది మొత్తం తీసుకుంటే చాలాచోట్ల సగం జీతమే ఇస్తారు.

రాత్రి ఆకాశం:
స్వార్థ్‌మోర్ పేరు వచ్చింది కాబట్టి. అక్కడి స్ప్రౌల్ అబ్జర్వేటరీలో 24 అంగుళాల దూరదర్శిని ఉండేది. పీటర్ వాన్ డె కాంప్ 1938 నుంచి ఒకే నక్షత్రానికి ఫొటోలు తీస్తూ కూర్చున్నారు. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ నక్షత్రం అది. దాని నడకలో చిన్న ఊగిసలాట ఉందని, గురుగ్రహంకంటే పెద్ద గ్రహం దాన్ని లాగుతోందని 1963లో ప్రకటించారు. పాతికేళ్లు ఒక్క నక్షత్రాన్నే చూస్తూ కూర్చోనివ్వడం ఏ పెద్ద సంస్థకు చేతనవుతుంది?

కెమిస్ట్రీ మాస్టారు:
ఆ గ్రహం ఉందా?

రాత్రి ఆకాశం:
లేదు.

కెమిస్ట్రీ మాస్టారు:
చాలు. పాతికేళ్ల కష్టం, లేని గ్రహం. ఇక చెప్పేదేముంది?

రాత్రి ఆకాశం:
చెప్పేది ఉంది మాస్టారూ. 1973లో గేట్‌వుడ్, ఐక్‌హార్న్ వేరే దూరదర్శినుల ఫొటోలు చూసి ఊగిసలాట లేదన్నారు. అదే ఏడాది అదే స్ప్రౌల్ అబ్జర్వేటరీలో జాన్ హెర్షీ మరో నక్షత్రాన్ని కొలిస్తే అదీ అదే తీరున ఊగినట్టు కనిపించింది. అసలు కారణం 1949లో, 1957లో దూరదర్శిని కటకం బిగింపులో చేసిన మార్పులు. ఊగింది యంత్రం. తప్పు పట్టుకున్నవారిలో వాళ్ల సొంత మనిషీ ఉన్నాడు! 2024లో వేరేవాళ్లు అదే నక్షత్రం చుట్టూ మూడు రోజుల చిల్లరలో తిరిగే బుల్లి గ్రహాన్ని పట్టుకున్నారు. దానికీ వాన్ డె కాంప్ చెప్పినదానికీ సంబంధం లేదు.

కెమిస్ట్రీ మాస్టారు:
నేను కటకం సరిగా బిగించకపోతే నాకు మెమో ఇస్తారు. వాళ్లకైతే చరిత్ర.

పాత లెక్కలు:
అమెరికా దాకా ఎందుకు, మన మద్రాసులో లయోలా కళాశాల లేదా? అక్కడ లెక్కలు చెప్పిన ఫాదర్ రాసీన్ ఫ్రాన్సు నుంచి వచ్చిన జెసూట్ క్రైస్తవ గురువు. పారిస్‌లో పేరున్న గణితవేత్త ఎలీ కార్తాన్ దగ్గర పరిశోధన చేసిన మనిషి. ఇక్కడికి వచ్చాక అచ్చువేసింది చాలా తక్కువ. కానీ అప్పటి మన సిలబస్‌లో జాడ కూడా లేని కొత్త గణితాన్ని డిగ్రీ పిల్లలకు పరిచయం చేశారు. ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఆయన దగ్గర చదివి, 1953లో బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చేరారు. 1965లో వాళ్లిద్దరూ కలిసి నిరూపించిన సిద్ధాంతం వాళ్ల పేర్లతోనే నిలిచింది. ఇప్పుడు రాసీన్‌ను ఏ పక్షాన వేస్తారో మీరే తేల్చుకోండి.

కెమిస్ట్రీ మాస్టారు:
నా పక్షాన. పేపర్లు రాయకుండా పాఠం చెప్పారు.

ఒహాయో పంతులు:
నా పక్షాన. కార్తాన్ దగ్గర పనిచేయకపోతే ఆ కొత్త గణితం ఆయనకు ఎక్కడిది? పరిశోధన పూర్తిగా వదిలేసిన అధ్యాపకుడు పదేళ్లలో పాత నోట్సు చదివే యంత్రం అవుతాడు. మన కళాశాలల్లో అలాంటివారిని చూసే నేను దేశం వదిలాను.

కెమిస్ట్రీ మాస్టారు:
నా నోట్సు మీరు చూశారా? ఒక్క పేజీ? కూలికి వెళ్లి వచ్చి సాయంత్రం తరగతిలో కూర్చునే పిల్లలకు మోల్ కాన్సెప్ట్ ఎలా ఎక్కించాలో మీ పత్రికల్లో ఏ సంచికలో ఉంది? హీటరు వేసుకున్న గదిలో కూర్చుని యంత్రం అంటారా నన్ను?

ఒహాయో పంతులు:
మిమ్మల్ని అనలేదు. పరిశోధన అనగానే మోసం అని మీరే మొదలుపెట్టారు. మీ చుట్టూ నలుగురు పేపర్లు కొన్నారని నేను దొంగనా?

మోడరేటర్:
ఇద్దరికీ మనవి. మనుషులను వదిలి విషయం మాట్లాడండి.

కెమిస్ట్రీ మాస్టారు:
విషయమే మాట్లాడుతున్నాను. మీరు రాసినవన్నీ మళ్లీ చదివాను. ఆష్ గొప్పవాడు ఎందుకంటే ప్రయోగం చేశాడు. వాన్ డె కాంప్ పొరపడినా గొప్పవాడు ఎందుకంటే పాతికేళ్లు చూశాడు. చివరికి రాసీన్‌కు కూడా కార్తాన్ సర్టిఫికెట్ కావాలి. పాఠం బాగా చెప్పాడు అన్నది ఒక్కటే ఎవరికీ చాలదు. నన్ను ఆపేసిన కమిటీ కూడా సరిగ్గా ఇదే చెప్పింది, మీరు కాస్త మర్యాదగా చెబుతున్నారు. బోధన కూడా చేతనైన పనే అని ఒప్పుకోవడానికి మీకేమిటి అడ్డు?

ఒహాయో పంతులు:
అడ్డు లేదు. నా మాట కూడా వినండి. సెమిస్టరుకు మూడు కోర్సులు చెబుతాను, వ్యాసాలు దిద్దుతాను, పిల్లల కన్నీళ్లు కూడా వింటాను. వేసవిలో ఇద్దరు విద్యార్థులతో చేసే ప్రయోగం ఒక్కటే నేను నేనుగా చేసే పని. ఫీజు కట్టాం కాబట్టి అదీ మానెయ్యండి అంటే నేను జీతానికి దొరికే ట్యూషన్ మాస్టారినే. అట్లాంటా అమ్మగారి మొదటి పోస్టులో నాకు వినిపించింది అదే.

చిన్న సందేహం:
అమ్మగారూ, వేసవిలో మీ అమ్మాయి ఇంటికి వచ్చిందా?

అట్లాంటా అమ్మ:
రాలేదు. ఆ సాలీళ్ల ల్యాబులోనే ఉంది. కళాశాలే డబ్బిచ్చి పెట్టుకుంది. ఇప్పుడు ఎకనామిక్స్ వదిలేసి బయాలజీకి మారుతుందట, ఆ తర్వాత పీహెచ్‌డీ అట. సెలవు పెట్టిన ప్రొఫెసరు కూడా ఆ సాలీళ్ల ఆయనే. ఆయన సెలవులో ఉన్నా ల్యాబు తాళం తన దగ్గరే ఉంటుందని సంబరంగా చెబుతోంది. ఒక పంతులికి తన పనంటే పిచ్చి ఉంటే ఉండనివ్వండి, ఆ పిచ్చి పందొమ్మిదేళ్ల పిల్లకు అంటిస్తే ఆ ఇంటి పరిస్థితి ఎవరు చూడాలి? ఆయన టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, ఆయనకు ఉంది. మాకు ఇంటి లోను ఉంది.

ఒహాయో పంతులు:
సైన్సులో పీహెచ్‌డీకి ఇక్కడ సాధారణంగా ఫీజు కట్టనక్కరలేదు. నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు.

అట్లాంటా అమ్మ:
ఆ తర్వాత?

ఒహాయో పంతులు:
ఆ తర్వాత కష్టమే. అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీపడేవారు ఎక్కువ. మా శాఖలో ఒక్క ఖాళీ వస్తే వచ్చే దరఖాస్తులు చదవలేక చస్తాం. ఇది అమ్మాయికి ఆ ప్రొఫెసరు ఇప్పుడే చెప్పాలి. చెప్పి ఉండకపోతే మీ కోపం సరైనదే.

కెమిస్ట్రీ మాస్టారు:
ఈ ఒక్క మాట మొదట్లోనే రాసి ఉంటే ఇంత రభస లేకపోయేది. అమ్మా, ఈ చర్చ మీ అమ్మాయికి పంపండి, తనే చదువుకుంటుంది.

అట్లాంటా అమ్మ:
తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు మాస్టారూ. ఆదివారం ఫోను చేసినప్పుడు నేనే చదివి వినిపించాలి. ఆ ఆష్ కథ మాత్రం వినిపించను, మళ్లీ సైకాలజీ అంటుంది.