ప్యాకేజీని బలవంతంగా రీబిల్డ్ చేయించడం సరైన పద్ధతేనా?

నీలిమేఘం:
లినక్స్ అప్‌గ్రేడ్ అయ్యాక ఒక పైథాన్ మాడ్యూల్ ఇంపోర్ట్ అవ్వడం లేదు. లోపల సీ కోడ్ ఉన్న మాడ్యూల్ అది. ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటోంది, అంటే దానికి కావాల్సిన ఫంక్షన్ లాంటి పేరేదో దొరకలేదని. మళ్ళీ కంపైల్ అవ్వాలని అర్థమైంది కానీ, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో ఇన్‌స్టాల్ కొడితే ‘ఆల్రెడీ శాటిస్‌ఫైడ్’ అని ఊరుకుంటోంది. --ఫోర్స్-రీఇన్‌స్టాల్ పెట్టినా అదే ఎర్రర్. మా సీనియర్ ఒకాయన ఫోర్స్ జోలికే పోవద్దు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు ప్యాకేజీలుండే విడి ఫోల్డర్) తీసేసి కొత్తది పెట్టుకో అంటున్నారు. మీరేమంటారు?

పాతకీబోర్డు:
నేనూ ఆయన పక్షమే. --ఫోర్స్-రీఇన్‌స్టాల్ ఆ ఒక్క ప్యాకేజీతో ఆగదు, దాని డిపెండెన్సీలన్నీ, అంటే అది ఆధారపడే ప్యాకేజీలన్నీ మళ్ళీ వేస్తుంది. వెర్షన్లు పిన్ చేసి (ఫలానాదే అని ఖరారు చేసి) లేకపోతే కొత్తవి దిగుతాయి. ఒకటి బాగుచేయబోతే ఇంకోటి చెడుతుంది, ఏది ఎందుకు మారిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

చిరుగాలి:
పాతకీబోర్డు గారూ, డిపెండెన్సీల సంగతి నిజమే, వాటిని ముట్టుకోకుండా ఉండటానికి --నో-డెప్స్ ఉంది. కానీ ఇక్కడ కొత్త ఎన్విరాన్‌మెంట్ పెట్టినా పని జరగదండి. పిప్ తను కంపైల్ చేసిన వీల్ ఫైల్‌ని (నేరుగా ఇన్‌స్టాల్ చేయగల ప్యాకేజీ ఫైల్) మళ్ళీ వాడటానికి కాష్‌లో దాచుకుంటుంది. ఆ కాష్ ఉండేది యూజర్ హోమ్ డైరెక్టరీలో. ఎన్విరాన్‌మెంట్ తీసేసినా అది చెక్కుచెదరదు, పాత వీలే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సోర్స్ ఎక్కడిది, పైథాన్ వెర్షన్ ఏది అన్నవి చూసి కాష్‌లో వెతుకుతుందే తప్ప, సిస్టమ్‌లో లైబ్రరీ మారిందని పిప్‌కి తెలిసే దారే లేదు. తెలియని దానికి మనమే చెప్పాలి, ఫోర్స్ ఉన్నది అందుకే.

నీలిమేఘం గారూ, ముందు ఆ మాడ్యూల్ కంపైల్ అయిన డాట్ ఎస్‌ఓ ఫైల్ మీద, దొరకని సింబల్స్ చూపించే ఎల్‌డీడీ -ఆర్ కొట్టి చూడండి. ‘పై’తో మొదలయ్యే సింబల్స్ దొరకలేదంటే కంగారుపడకండి, అవి ఇంటర్‌ప్రెటర్ లోడ్ అయ్యాక దొరుకుతాయి. మిగిలినవాటిలో మీ ఎర్రర్‌లోని పేరు కనిపిస్తే అప్పుడు --ఫోర్స్-రీఇన్‌స్టాల్, --నో-డెప్స్, కాష్ వాడొద్దని చెప్పే --నో-కాష్-డిర్, రెడీమేడ్ వీల్ దించొద్దని చెప్పే --నో-బైనరీ నాలుగూ కలిపి వాడండి. --నో-బైనరీకి ఆ ఒక్క ప్యాకేజీ పేరే ఇవ్వండి. పిప్ 23.1 నుంచి --నో-బైనరీ ఒక్కటే పెడితే సొంతంగా కట్టిన వీల్ కాష్‌లోంచి వచ్చేస్తుంది, కాబట్టి --నో-కాష్-డిర్ మరిచిపోవద్దు.

మూలకోడు:
ఆర్చ్ లినక్స్‌లో ప్యాకేజీలు కట్టే మేక్‌ప్యాకేజీకి కూడా ఇలాంటి మెలికే ఉంది. -ఎఫ్ ఇస్తే ప్యాకేజీ మళ్ళీ కడుతుంది కానీ పాత సోర్స్ ఫోల్డర్‌లో మిగిలిన ఆబ్జెక్ట్ ఫైల్స్‌నే వాడుకోవచ్చు. క్యాపిటల్ అక్షరంతో -సీ ఇస్తేనే దాన్ని తుడిచి మొదలుపెడుతుంది.

పాతకీబోర్డు:
కాష్ విషయంలో చిరుగాలి గారి మాట ఒప్పుకుంటున్నాను. అయినా మన చేత ఫోర్స్ కొట్టించేది టూల్‌లో ఉన్న లోటు. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ చూడండి, కంపైలర్, ఫ్లాగులు, డిపెండెన్సీలు అన్నీ హ్యాష్‌లోకి (వాటి నుంచి లెక్కగట్టే గుర్తులోకి) వెళ్తాయి. ఏది మారినా కొత్త పాత్‌లో కొత్త బిల్డ్. అక్కడ --రీబిల్డ్ ఉన్నది, రెండోసారి కట్టినా అదే ఫలితం వస్తుందా అని సరిచూడటానికి.

చిరుగాలి:
నిక్స్ పద్ధతి మేలైనదే, కాదనను. కానీ ఆయన చేతిలో ఉన్నది పిప్, ఆగింది ఈరోజు పని. జెంటూ లినక్స్ వాళ్ళు లైబ్రరీ మారితే తమ ప్యాకేజీ టూల్ ఎమర్జ్‌తో ప్రిజర్వ్‌డ్-రీబిల్డ్ నడిపించడం మామూలే, దాన్నెవరూ తప్పు పట్టరు. కారణం తెలిసి, ఒక్క ప్యాకేజీకే పరిమితం చేస్తే ఇదీ అంతే.

నీలిమేఘం:
ఎల్‌డీడీలో ఆ పేరు కనిపించిందండి. నాలుగూ పెట్టి కొడితే ఈసారి కంపైలర్ నిజంగా నడిచింది, ఇంపోర్ట్ అయింది. ఇదే కమాండ్‌ని సెటప్ స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉంచెయ్యనా?

పాతకీబోర్డు:
వద్దండి, ప్రతిసారీ ఊరికే కంపైల్ అవుతుంది. ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌కి మారితే ఇది అవసరమైందో రీడ్‌మీలో రాసి, కమాండ్ దాని కింద పెట్టండి.