సర్పంచ్‌గా నా మాట నలుగురిలో నిలవాలంటే రోజూ ఏ సాధన చేయాలి?

ప్రశ్న (కొత్త సర్పంచ్)

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో సుమారు 1,800 జనాభా ఉన్న గ్రామం. మహిళలకు రిజర్వు అయిన స్థానం నుంచి నేను సర్పంచ్‌గా గెలిచి కొన్ని నెలలైంది. డిగ్రీ వరకు చదివినా, ఎన్నికల ముందు వరకు ఇల్లు, కుట్టుమిషను తప్ప నాకు వేరే వ్యాపకం లేదు. నా భర్త మాత్రం గతంలో ఒకసారి వార్డు సభ్యుడిగా పనిచేశారు. అందువల్ల ఊరివాళ్లు పనుల గురించి ఆయనతోనే మాట్లాడతారు, మండల కార్యాలయం నుంచి ఫోన్లు ఆయనకే వస్తాయి, చివరికి పంచాయతీ సమావేశంలో కుర్చీలో నేను కూర్చున్నా సభ్యుల చూపులు గుమ్మం దగ్గర నిలబడిన ఆయన వైపే పోతుంటాయి.

నాకు అడ్డుపడాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. లోపం నాలోనూ ఉంది. నలుగురి ముందు నా గొంతు సన్నబడిపోతుంది, చెప్పదలచుకున్నది ఎలాగోలా ముగించాలన్న తొందర కలుగుతుంది, ఎవరైనా గట్టిగా అడిగితే ‘చూద్దాం’ అని ఊరుకుంటాను. గత గ్రామసభలో మురుగుకాలువ గురించి ఒక పెద్దాయన నిలదీసినప్పుడు, సమాధానం తెలిసి ఉండి కూడా, నా భర్త చెప్పేదాకా నోరు విప్పలేకపోయాను. శిక్షణ తరగతుల కోసం జిల్లా కేంద్రానికి తిరిగే వీలు నాకు లేదు. రోజువారీ పనుల్లోనే కొద్దికొద్దిగా అలవరచుకోదగిన పద్ధతులుంటే అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

సమాధానం 1 (మాజీ సర్పంచ్, గోదావరి జిల్లా)

చెల్లీ, నేను 2013లో గెలిచి ఐదేళ్లు చేశాను. మొదటి ఏడాది నా పరిస్థితి అచ్చంగా నీలాగే ఉండేది కనుక, నాకు పనికొచ్చిన సంగతులే రాస్తున్నాను.

గొంతు సంగతి కాసేపు పక్కన పెట్టు. ఊళ్లో ప్రతి ఉదయం ఒక వార్డు చొప్పున, పారిశుద్ధ్య కార్మికులు పనిలోకి దిగే వేళకు, నువ్వొక్కదానివే నడువు. వెంట ఎవరూ వద్దు, ముఖ్యంగా మీవారు వద్దు. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉండాలి. ఎవరు ఏ ఇబ్బంది చెప్పారో, దానికి ఏ రోజున జవాబిస్తానన్నావో వాళ్ల ఎదుటే రాసుకో. ఆ రోజు రాగానే, పని అయినా కాకపోయినా, అదే గుమ్మం ముందుకు మళ్లీ వెళ్లి సంగతి చెప్పాలి. నాకు ఈ రెండో నడకే కష్టంగా ఉండేది, ఎందుకంటే ‘ఇంకా కాలేదమ్మా’ అని చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చేది. కానీ మూడు నాలుగు నెలలు గడిచేసరికి, కాని పనిని కాలేదని చెప్పడానికి కూడా తిరిగి వచ్చే మనిషినని వీధివాళ్లకు అర్థమైంది. ఆ తరువాత సభలో నేను మెల్లగా మాట్లాడినా వినడం మొదలుపెట్టారు.

ఇంకొకటి, ఏదో ఒక విషయంలో ఊరందరికంటే నీకే ఎక్కువ తెలియాలి. నేను తాగునీటిని పట్టుకున్నాను. ట్యాంకులో క్లోరిన్ కలిపిన రోజున, పైపులైను చివరి కుళాయి దగ్గరికి క్లోరోస్కోపు (నీళ్లలో క్లోరిన్ చూసే పరికరం) పట్టుకెళ్లి నేనే పరీక్షించేదాన్ని. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మందు చుక్కలు వేయగానే నీళ్లు పసుపు రంగుకు తిరిగితే ఉన్నట్టు, తిరగకపోతే లేనట్టు. ఆ గాజు గొట్టం పట్టుకుని వీధి కుళాయి దగ్గర నిలబడ్డప్పుడు చుట్టూ చేరిన ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలకు నేను తడబడకుండా జవాబు చెప్పగలిగాను. నాకు మాట్లాడటం అలవాటైంది అక్కడే, వేదిక మీద కాదు.

సమాధానం 2 (విశ్రాంత ఎంపీడీవో)

అమ్మా, పై సమాధానంతో ఏకీభవిస్తూ సమావేశ నిర్వహణ గురించి కొంత చెబుతాను, ఎందుకంటే నేను చూసిన సర్పంచుల్లో చాలామంది చేజార్చుకునేది దానినే.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించింది. మన రెండు రాష్ట్రాల్లో అది సగానికి పెరిగింది. అయినా భార్య పేరున భర్త పెత్తనం చేయడం ఎంతగా పాతుకుపోయిందంటే, దానిని అరికట్టే మార్గాలు సూచించమని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ప్రత్యేకంగా ఒక సలహా సంఘాన్నే నియమించవలసి వచ్చింది. కాబట్టి ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోవద్దు.

ఇక ఆచరణకు వస్తే, సమావేశానికి ముందు రోజు కార్యదర్శిని పిలిచి ఎజెండాలోని ప్రతి అంశాన్నీ ఆయన చేత చదివించుకుని, దానిపై మీ అభిప్రాయాన్ని ఒక వాక్యంగా మీ చేతిరాతతో రాసుకోండి. సమావేశంలో చర్చ ఎంతసేపు, ఎవరి మధ్య సాగినా మీరు కంగారు పడనక్కరలేదు. చర్చ ముగిసే వేళకు మాత్రం ‘అయితే తీర్మానం ఇలా రాయండి’ అంటూ ఆ వాక్యాన్ని మీ నోటితోనే, కార్యదర్శి కలం అందుకోగలిగినంత నిదానంగా చెప్పాలి. రాసే మనిషి కోసం చెబుతున్నప్పుడు తొందర దానంతట అదే తగ్గుతుంది. తీర్మానం ఎవరి నోటి నుంచి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతున్నదో సభ్యులు గమనిస్తారు, రెండు మూడు సమావేశాల తరువాత చూపులు మీ వైపు తిరుగుతాయి.

మీవారు గుమ్మం దగ్గర నిలబడటం మానుకోవాలి. సమావేశంలో కూర్చునే అధికారం ఆయనకు లేదు. ఈ మాట ఇంట్లో, ప్రశాంతంగా ఉన్న వేళ చెప్పండి.

సమాధానం 3 (గ్రామ పంచాయతీ కార్యదర్శి)

మేడమ్, మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఫోన్ ఎత్తుతారని, పని త్వరగా తెములుతుందని మేము సర్పంచ్ గారి భర్తకే చేస్తుంటాం. దీనికి నేను చూసిన మంచి విరుగుడు ఒకటుంది. గతంలో నేను పనిచేసిన గ్రామంలో సర్పంచ్ గారు తన నంబరునే పంచాయతీ గోడ మీద రాయించారు. ఆమె భర్త తనకు ఫోన్ వస్తే ‘ఆమెకు చేయండి’ అని పెట్టేసేవారు. మొదటి పదిహేను రోజులు మాకు విసుగు పుట్టింది, తరువాత అలవాటైపోయింది.

ఎంపీడీవో గారి మాటల్లో ఒకదానితో మాత్రం నేను విభేదిస్తాను. భర్తను పూర్తిగా దూరం పెట్టడం అన్ని ఇళ్లలోనూ సాధ్యపడదు, అవసరమూ లేదు. సామగ్రి తేవడం, ట్రాక్టరు మరమ్మతుకు మనిషిని పిలవడం వంటి తిరుగుడు పనులు ఆయనకు అప్పగించి, లెక్కలూ తీర్మానాలూ మీ దగ్గర ఉంచుకోవడం మేలు. లెక్కల మాట ఎందుకంటున్నానంటే, సభలో గట్టిగా అరిచేవారి నోరు మూయించేది అంకె. వారానికొకసారి మీ కార్యదర్శిని పిలిచి, ఖాతాలో ఎంత ఉంది, ఏ పద్దు నుంచి ఏది ఖర్చు చేయవచ్చు అని అడగండి. ఉదాహరణకు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే వాడాలన్న షరతు ఉండేది. ‘ఆ డబ్బుతో సీసీ రోడ్డు ఎందుకు వేయలేదు’ అని ఎవరైనా అడిగినప్పుడు ఈ ఒక్క సంగతి తెలిసిన సర్పంచ్ నిబ్బరంగా జవాబిస్తారు. తెలియనివారు మా ముఖం చూస్తారు.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్క చెప్పినట్టు పది రోజులుగా ఉదయం నడుస్తున్నాను. మొదటి రెండు రోజులు ‘సార్ రాలేదా’ అనే ప్రశ్నే ఎదురైంది. మావారు మొదట నొచ్చుకున్నా, గుమ్మం దగ్గర నిలబడనని ఒప్పుకున్నారు. ఇంకొక సందేహం ఉంది. మా చట్టం ప్రకారం రెండు నెలలకొకసారైనా గ్రామసభ పెట్టాలి కదా, ప్రతి సభకూ ఒకాయన తాగి వచ్చి నన్ను ఏకవచనంతో సంబోధిస్తూ అరుస్తాడు. అప్పుడు నా కాళ్లు వణుకుతాయి. నిలబడాలా, కూర్చోవాలా అన్నది కూడా తోచదు.

మాజీ సర్పంచ్

కూర్చునే ఉండు చెల్లీ, కాళ్ల వణుకు ఎవరికీ కనబడదు. అతనికి బదులు చెప్పకుండా కార్యదర్శి వైపు తిరిగి, ‘వీరు అడిగినది వీరి పేరుతో సహా రాసుకోండి’ అని చెప్పి తరువాతి అంశానికి వెళ్లు. మర్నాడు పొద్దున్నే, అతను తాగకముందు, ఇంటికి వెళ్లి అతని భార్య ఎదుట ఆ ప్రశ్నకు జవాబు చెప్పు. మా ఊళ్లోనూ అలాంటి ఆయన ఒకరుండేవారు. అతని గొడవంతా ఇంటి ముందు వీధిదీపం గురించేనని నాకు అలా వెళ్లిన రోజే తెలిసింది. దీపం వేయించాక తాగుడు మానలేదు గానీ, సభలో నన్ను ‘మీరు’ అనసాగాడు.