ష్టిక్‌ష్టోఫ్ అంటే నైట్రోజన్ ఎలా అయింది?

ప్రశ్న:
జర్మన్ నేర్చుకుంటున్నాను, కెమిస్ట్రీ పాఠంలో నైట్రోజన్‌కి ష్టిక్‌ష్టోఫ్ అని ఉంది. ష్టోఫ్ అంటే పదార్థం, బట్ట అని కూడా అర్థం ఉంది. ష్టికెన్ కోసం డిక్షనరీ చూస్తే ఎంబ్రాయిడరీ చెయ్యడం అని వచ్చింది, రెండూ కలిపితే ఎంబ్రాయిడరీ బట్ట అవుతుంది గానీ గాలి ఎలా అవుతుందండీ?

జవాబు 1:
ఆ ష్టికెన్ వేరండీ. ఇది ఎర్‌ష్టికెన్‌లో ఉన్నది, ఊపిరాడకపోవడం అన్నమాట. తలుపులన్నీ మూసేసి ఊపిరి సలపని గదిలో గాలిని ష్టికిగ్ అంటారు, అదీ ఈ కుటుంబమే. మంటకి గాలి అందకుండా చేసి ఆర్పడానికీ ఎర్‌ష్టికెన్ అనే వాడతారు. 1772లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేనియల్ రూథర్‌ఫర్డ్ మూసిన పాత్రలో ఎలుకని చచ్చేదాకా ఉంచి, ఆ గాలిలోనే కొవ్వొత్తి, తర్వాత ఫాస్ఫరస్ కాల్చి, కార్బన్ డయాక్సైడ్‌ని క్షారంతో తీసేశాడు, అప్పటికీ మిగిలిన గాలిలో మంట నిలవలేదు. అందుకే ఉక్కిరిబిక్కిరి చేసే పదార్థం, ష్టిక్‌ష్టోఫ్.

జవాబు 2:
ఫ్రెంచ్ శాస్త్రవేత్త లవోసియే నైట్రోజన్‌కి పెట్టిన అజోత్ అనే పేరు కూడా ఇదే ఆలోచన, గ్రీకులో ప్రాణం నిలవనిది అని. అజైడ్, అజో రంగులు అంటామే, అవి దాన్నుంచి వచ్చినవే. నైట్రోజన్ మాత్రం 1790లో షాప్తాల్ అనే ఇంకో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెట్టిన పేరు, సురేకారాన్ని పుట్టించేది అని. మన నత్రజని ఆ దారిలోనే వచ్చింది.

జవాబు 3:
ఒక్క మాట, నైట్రోజన్ విషం కాదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. ఆక్సిజన్ లేకపోతేనే ఊపిరాడదు. జర్మన్‌లో ఆక్సిజన్‌ని జావర్‌ష్టోఫ్ అంటారు, పుల్లటి పదార్థం అని, మన ఆమ్లజనిలాగే. ఆమ్లాలన్నిట్లో ఆక్సిజన్ ఉంటుందని లవోసియే నమ్మాడు, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో అసలు ఆక్సిజనే లేదని 1810లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త డేవీ చూపించాడు, అయినా పేరు చాలా భాషల్లో అలాగే ఉండిపోయింది. నాకు బాగా నచ్చేది ఏంటంటే, మనం ప్రాణం నిలబెట్టేదానికి ప్రాణవాయువు అని పేరు పెట్టుకున్నాం, జర్మన్లు ఊపిరి ఆడనివ్వనిదానికి పెట్టుకున్నారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, ష్టికిగ్ గుర్తుంటే చాలు ఇక మర్చిపోను. మరి వాసర్‌ష్టోఫ్ అంటే నీటి పదార్థం, హైడ్రోజన్, మన ఉదజనే కదా?

జవాబు 1:
అవునండీ, ఉద అంటే నీరే. కోలెన్‌ష్టోఫ్ కూడా చూడండి, బొగ్గు పదార్థం, కార్బన్.