కంపెనీ దేశం వదిలిపోయింది సరే, అమెరికన్ బండిని మనం వదలాలా?

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)

మొన్న ఆదివారం మా బావ ఇంటికొచ్చాడు. కింద పార్కింగ్‌లో నా 2012 ఫోర్డ్ ఫిగో చూసి, "కంపెనీయే దుకాణం ఎత్తేసింది, నువ్వింకా దీన్ని పట్టుకుని వేలాడుతున్నావేంట్రా? రేపు తుక్కు ధర కూడా రాదు, అమ్మెయ్" అన్నాడు. భోజనాల దగ్గర మళ్లీ అదే మాట. అప్పటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. దేశం వదిలిపోయిన అమెరికన్ కంపెనీ బండిని ఉంచుకోవడం తెలివి తక్కువ పనా?

నా పక్షం ముందే చెప్పేస్తా. ఉంచుకోవాలి. బాగా చూసుకున్న బండి దొరికితే ఈ రోజు కూడా కొనొచ్చు.

మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా ఫోర్డ్ బండ్లే. నాన్న 2001లో ఐకాన్ కొన్నారు, నేను డ్రైవింగ్ నేర్చుకుంది దాని మీదే. తర్వాత ఈ ఫిగో. 1.4 డీజిల్, 69 పీఎస్. కాగితం మీద చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు తెల్లవారుజామున తీయగానే నల్లమలలోకి వెళ్లి, ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఈ బండి తోలి చూడండి. స్టీరింగ్ ఇప్పటి బండ్లలా దూదిలా తేలిపోదు, హైడ్రాలిక్ కాబట్టి కాస్త బరువుగా ఉంటుంది. కుడి చక్రం కింద గులకరాయి నలిగినా అరచేతికి తెలుస్తుంది. మలుపు మధ్యలో రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నా బండి గీత తప్పదు. వెనక కూర్చున్న అమ్మ నిద్రలోంచి లేవలేదు. అదీ నాకు కావలసింది.

ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది 2021 సెప్టెంబరు 9న. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని చెప్పారు. అది వాళ్ల వ్యాపారం లెక్క. దానివల్ల నా బండి చక్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.

గుంటూరు ట్రావెల్స్

ఘాట్‌రోడ్డు గారూ, మీ బండి మీద మీకున్న ప్రేమ అర్థమవుతోందండీ. కానీ మీరు ఇంటి బండి గురించి మాట్లాడుతున్నారు. నేను బండి మీద బతికినోణ్ని.

నా దగ్గర ఒక అమెరికన్ కంపెనీ బండి ఐదేళ్లు టూరిస్టు ప్లేటు మీద తిరిగింది. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. బండి నడిచినన్నాళ్లు బంగారం. ఒక డిసెంబరులో, సరిగ్గా శబరిమల సీజన్లో, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగి పికప్ పడిపోయింది. చిన్న సెన్సర్, బొటనవేలంత ఉంటుంది. అది వేరే ఊరి నుంచి రావాలన్నారు. రేపు, ఎల్లుండి అంటూ 19 రోజులు బండి షోరూం షెడ్డులోనే. నాకు మూడు శబరిమల ట్రిప్పులు పోయాయి. ఇరుముడి కట్టుకుని సిద్ధంగా ఉన్న స్వాములకు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి వేరే బండి చూసుకోండని చెప్పాల్సి వచ్చింది. ఫైనాన్సు వాడు మాత్రం కిస్తీ తేదీకి తప్పకుండా ఫోన్ చేశాడు.

ఇదంతా ఆ కంపెనీ ఇంకా ఇక్కడ అమ్ముతున్న రోజుల్లోనే అండీ. కంపెనీ ఉన్నప్పుడే 19 రోజులైతే, పోయాక ఎన్నాళ్లు? మీ బావ తప్పేమీ మాట్లాడలేదు.

డాలస్ బాబాయ్

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరంతా అమెరికన్ బండి అంటున్నారు కానీ, అమెరికా వాడి అసలు పనితనం మీ రోడ్ల మీదికి రానే లేదు.

నేను టెక్సాస్ వచ్చి పద్దెనిమిదేళ్లు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మన వాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంటు పార్కింగ్‌లోకి వెళ్తే క్యామ్రీ, అకార్డ్, సియెన్నా, ఇప్పుడు టెస్లాలు. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ సీనియర్లు ఒకటే చెబుతారు: జపాన్ బండి కొనుక్కో, అమ్మేటప్పుడు డబ్బులొస్తాయి. నేనూ మొదట అదే చేశా. ఏడేళ్ల కిందట ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు కొన్నాక నా ఆలోచన మారింది.

అమెరికా వాళ్లు ట్రక్కుల్లోనే ఎందుకు ఆరితేరారో చెబుతా. 1960ల మొదట్లో యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచారు. దానికి జవాబుగా అమెరికా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. 1964 నుంచి అది అలాగే ఉంది. సముద్రం దాటి రావాల్సిన పికప్ ట్రక్కు ఇక్కడ పోటీ పడలేదు. దాంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి డెట్రాయిట్ కంపెనీల లాభమూ, మనసూ రెండూ ట్రక్కుల్లోనే ఉండిపోయాయి. 2018 ఏప్రిల్లో ఫోర్డ్ ఇక్కడ సెడాన్లు (వెనక డిక్కీ వేరుగా ఉండే కార్లు) ఆపేస్తున్నామని చెప్పింది, కార్లలో మిగిలింది మస్టాంగ్ ఒక్కటే. షెవర్లే మాలిబు తయారీ కూడా 2024 నవంబరులో ఆగిపోయింది. ఇప్పుడు మన కుర్రాడు పెట్రోల్ సెడాన్ కావాలని వెళ్తే మామూలు ధరలో అమెరికన్ కంపెనీ దగ్గర చూపించడానికి ఏముంది?

ట్రక్కు దగ్గరికొస్తే కథ వేరు. ఇల్లు మారినప్పుడు సామానంతా రెండు ట్రిప్పుల్లో తేల్చేశా. వెనక ట్రైలర్ తగిలించి కొండ ఎక్కినా ఇంజిన్ గొంతు మారదు. మా అమ్మ వచ్చినప్పుడు ఎక్కడానికి ఇబ్బంది పడింది, పక్కన మెట్టు వేయించాను. గుడి దగ్గర పార్కింగ్ కష్టమే, కాదనను. కానీ ఎనిమిది గంటలు తోలి దిగితే నడుము నొప్పి ఉండదు. ఆ బండి తెలిసినవాడు అమెరికా వాళ్లకు బండి చేయడం రాదని అనడు.

లెక్కల మాస్టారు (వరంగల్)

బాబాయ్ మంచి మాట అన్నరు. నేను ఇంకో అడుగు ముందుకు పోయి అడుగుతున్న: మనం అమెరికన్ అంటున్న బండ్లల్ల అమెరికా ఎంత ఉన్నది?

ఫిగోల ఆ 1.4 డీజిల్ ఇంజిన్ ఫోర్డ్, ఫ్రాన్స్ ప్యూజో వాళ్లు కలిసి చేసింది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డిజైన్ బ్రెజిల్ టీమ్ చేతిల పుట్టింది. షెవర్లే తవేరా అసలుకు జపాన్ ఇసుజు బండి. స్పార్క్ కొరియా దేవూ వాళ్ల మాటిజ్ వంశం. జీప్ కంపాస్ డీజిల్ ఇంజిన్ ఇటలీ ఫియట్‌ది. ముందర బొమ్మ ఒక్కటే అమెరికాది. ఇగ డాలస్‌ల మనోళ్లు కొనే క్యామ్రీ కెంటకీల తయారైతది, అకార్డ్ ఏండ్ల తరబడి ఒహాయోల తయారైంది. ఇప్పుడు చెప్పుండ్రి, ఏది అమెరికన్ బండి?

రెండో సంగతి. అమెరికన్ బండి ఇనుము గట్టిది, తలుపు వేస్తే ధడ్ మంటది, సేఫ్టీ అంటరు. 2014 జనవరిల బండ్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన బండ్లను గుద్ది చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని ఫిగోకు వచ్చింది సున్నా స్టార్లు. ఆ రోజు ఆల్టో, నానో, ఐ10, పోలో అన్నిటికీ సున్నానే వచ్చింది, ఒప్పుకుంట. కానీ తలుపు సప్పుడు వినుకుంట పిల్లల్ని ముందు సీట్ల కూసోబెట్టేటోళ్లను నేను చూసిన. అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

మూడోది నమ్మకం. 2013 జులైల, షెవర్లే బండ్లు చేసే జనరల్ మోటార్స్ 1 లక్షా 14 వేల తవేరాలు వెనక్కి పిలిచింది, పొగ పరీక్షల నిబంధనల దగ్గర లోపలోళ్లే తప్పు చేసిన్రని కంపెనీయే ఒప్పుకున్నది. 2017 మే నెలల అమ్మకాలు ఆపేస్తమని చెప్పి, ఏడాది చివరికి పోయిన్రు. 2020ల హార్లే బైకుల కంపెనీ ఇక్కడ తయారీ ఆపింది, 2021ల ఫోర్డ్. ఒకరి ఎనక ఒకరు. మల్లా వస్తరని ఆశపడేటోళ్లకు ఒక మాట: 2024ల ఫోర్డ్ తమిళనాడు సర్కారుకు ఇచ్చిన పత్రంల చెన్నై ప్లాంటు ఎగుమతుల కోసమనే ఉన్నది.

ఘాట్‌రోడ్డు

మాస్టారూ, సేఫ్టీ మాట నిజం. నాది టైటానియం అనే పై మోడల్, రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు ఉన్నాయి, అయినా ఇప్పటి మంచి బండితో పోటీ పెట్టను. పిల్లలు వెనక సీట్లోనే, బెల్టు పెట్టుకునే కూర్చుంటారు.

అమెరికా ఎంత అన్నదాని మీద కూడా సగం ఒప్పుకుంటా. నేను ప్రాణం పెట్టే ఆ స్టీరింగ్ వెనక ఉన్న మనిషి రిచర్డ్ ప్యారీ-జోన్స్. బ్రిటన్ వాడు. 1990లలో యూరప్ ఫోర్డ్‌లో కూర్చుని, బండి చవకదైనా సరే తోలేవాడి చేతికి రోడ్డు తెలియాలని పట్టుబట్టి అందరితో చేయించాడు. మా ఫిగో ఆ యూరప్ ఫియెస్టా పునాది మీద కట్టిందే. అంటే నా మోజు జెండా మీద కాదు, ఆ పనితనం మీద. ఆ పనితనాన్ని మామూలు జీతగాడి ధరలో చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో తయారు చేసి ఇచ్చిన కంపెనీ అమెరికాది. ఆ పేరు దానికి దక్కాలి.

గుంటూరు అన్నా, మీ 19 రోజుల సంగతికి నా దగ్గర జవాబు లేదు. కిరాయికి తిప్పే బండి అయితే నేనూ కొనమని చెప్పను.

మొదటి కారు (రాజమండ్రి)

నమస్తే అండీ. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది, సొంత డబ్బుతో మొదటి కారు కొంటున్నాను. 2014 ఎకోస్పోర్ట్ పెట్రోల్, 1.0 ఎకోబూస్ట్ ఇంజిన్, 3 లక్షల 60 వేలు చెబుతున్నారు. ఒకసారి తోలాను, దివాన్‌చెరువు వైపు హైవే మీద. చాలా నచ్చింది. నాన్నగారు మారుతి తప్ప వేరే మాట వద్దంటున్నారు. కొనొచ్చా?

ఆటోనగర్ షెడ్డు (విజయవాడ)

అమ్మా, తొందరపడి అడ్వాన్సు ఇవ్వకు. నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడ అన్ని కంపెనీల బండ్లూ విప్పుతున్నా, చేతికి తెలిసింది చెబుతా.

ఆ ఎకోబూస్ట్ చిన్న ఇంజినే, మూడు సిలిండర్లు, కానీ 2012, 13, 14 మూడేళ్లు వరసగా ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అయింది. లాగుడు నువ్వు చూశావు కదా. అయితే దాని టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే బెల్టు) మామూలు బండ్లలా బయట పొడిగా తిరగదు, లోపల ఇంజిన్ ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పొయ్యాలి. చవగ్గా వస్తుందని ఏదో ఒక ఆయిల్ పోసినా, మార్చే గడువు దాటినా ఆ రబ్బరు మెత్తబడి పొట్టు రాలుతుంది. పొట్టంతా కిందికి దిగి, ఆయిల్ పీల్చే జల్లెడకు పట్టుకుంటుంది. పోయిన సంవత్సరం ఒక బండి ఆయిల్ చాంబర్ విప్పితే జల్లెడ కన్నాలే కనపడలేదు, తడిసిన టీ పొడి మెత్తినట్టు నల్లగా ఉంది. వేలితో గీస్తే జిగురు. ఆయిల్ పైకి వెళ్లకపోతే ఇంజిన్ ఎంతసేపు ఉంటుంది? తప్పు బండిది కాదు, ఓనరు అయిదొందలు మిగుల్చుకోబోయాడు.

అందుకే ముందు ఆయిల్ మార్చిన బిల్లులు అడుగు. మొదటి నుంచి ఉంటే, బెల్టు మార్చిన బిల్లు కూడా ఉంటే ఆలోచించు. లేకపోతే రంగు, సీట్లు ఎంత బాగున్నా వదిలెయ్. 1.5 డీజిల్ అయితే నాకు భయం తక్కువ.

ఇక సామాన్ల సంగతి. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, లోయర్ ఆర్మ్, ఇవన్నీ దొరుకుతున్నాయి. కంపెనీకి సప్లై చేసినవాళ్లే బయట అమ్ముతారు. ఇబ్బందంతా హెడ్‌లైటు, బంపరు, సైడు మిర్రరు, డోరు గ్లాసు, ఎలక్ట్రానిక్ బాక్సుల దగ్గర. యాక్సిడెంటయిన బండి ఎక్కడైనా విప్పితే అక్కడి నుంచి తెచ్చుకోవాలి. పాత బండికి ఇన్సూరెన్సు వాడు కట్టే విలువ తక్కువ. ముందు భాగం గట్టిగా తగిలితే బాగుచేసే ఖర్చు ఆ విలువను దాటిపోతుంది, బండి అంతటితో సరి. ఇంజిన్ రాయిలా ఉండి, లైట్లు దొరక్క మూలపడ్డ బండ్లు నా కళ్ల ముందే రెండున్నాయి.

గుంటూరు ట్రావెల్స్

షెడ్డు అన్న చెప్పిందే నేనూ చెబుతున్నా. బండి మంచిది కావచ్చు. దాని వెనక ఎవరూ లేరు, అదీ నా బాధ.

డాలస్ బాబాయ్

మా దగ్గర పాతికేళ్ల ట్రక్కుకి కూడా పార్టు నెంబరు కొడితే రెండు రోజుల్లో గుమ్మం ముందుకొస్తుంది. అది బండి గొప్పతనం కాదు, ఆ ట్రక్కులు లక్షల్లో అమ్ముడుపోవడం వల్ల బయటి కంపెనీలు పార్టులు చేసి బతకగలగడం. అక్కడ ఫోర్డ్ బండ్లు తగ్గేకొద్దీ ఆ పని చేసేవాళ్లూ తగ్గుతారు. ఘాట్‌రోడ్డు తమ్ముడూ, నీ ఫిగోకి కావలసినవి ఇప్పుడే కొనిపెట్టుకో.

ఘాట్‌రోడ్డు

బాబాయ్, ఆ పని మొదలైంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే ఒక జత హెడ్‌లైట్లు దొరికాయి, పాత స్టాకు, డబ్బా మీద దుమ్ము కూడా తుడవలేదు. దివాన్ కింద పెట్టాను. ఎడమ మిర్రరు ఒకటి చెప్పి ఉంచాను. మా ఆవిడ ఏమీ అనలేదు, మెత్తటి దుప్పటి ఇచ్చి చుట్టమంది.

గుంటూరు అన్న మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. వెనక కంపెనీ లేదు. ఉన్నది షెడ్డు అన్న లాంటి నలుగురు, రాణిగంజ్‌లో రెండు దుకాణాలు, మనలాంటి ఓనర్లు. అంతవరకు నేను తోలతా. బావకు కూడా అదే చెప్పా.

టైమింగ్ బెల్టు గడువు దగ్గర పడింది, వచ్చే శనివారం విజయవాడ వస్తున్నా. షెడ్డు అన్నా, పొద్దున పది కల్లా ఉంటా. రాజమండ్రి చెల్లీ, ఈ లోపు కొనకపోతే నాన్నగారిని తీసుకుని అక్కడికే వచ్చెయ్. ఫిగో తాళం ఇస్తా, ఆయన్నే తోలి చూడమను.

మొదటి కారు

ఆయిల్ బిల్లులు అడిగాను. 2019 తర్వాతవి లేవన్నారు. గట్టిగా అడిగితే, పది వేలు తగ్గిస్తానన్నారు కానీ బిల్లు సంగతి ఎత్తలేదు. వదిలేశాను. కాకినాడలో 1.5 డీజిల్ ఒకటి ఉందట, ఒకే ఓనరు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టారట. శనివారం నాన్నగారు వస్తానన్నారండీ.