60 లీటర్ల అక్వేరియం తొట్టికి చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం), పంపు: ఏ సైజు సరిపోతుంది?

ప్రశ్న: విజయవాడలో నీటిమొక్కలున్న 60 లీటర్ల అక్వేరియం తొట్టి, అందులో క్రిస్టల్ రెడ్ రొయ్యలు. మేలో నీళ్లు 32 డిగ్రీలకు చేరుతున్నాయి, 24 కావాలి. పెల్టియర్ చిల్లర్ (కంప్రెసర్ లేకుండా కరెంటుతో చల్లబరిచే చిన్న రకం) చాలా? గంటకు 400 లీటర్ల పంపు ఉంది. చిల్లర్‌ను కింద క్యాబినెట్‌లో పెట్టొచ్చా?

జవాబు 1: పెల్టియర్ వద్దండి. 60 లీటర్లను 8 డిగ్రీలు దించాలంటే సుమారు 560 వాట్-అవర్ల వేడి తీయాలి, ఈలోగా గది వేడి నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. 1/10 హెచ్‌పీ కంప్రెసర్ చిల్లర్ తీసుకోండి. మూసిన క్యాబినెట్‌లో మాత్రం పెట్టకండి. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది. చుట్టూ 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

జవాబు 2: పంపు డబ్బా మీది అంకె ఏ అడ్డూ లేనప్పటిది. తొట్టిలోంచి తీసి తొట్టిలోకే పోస్తే ఎత్తు లెక్కలోకి రాదు, చిల్లర్ లోపలి కాయిల్, ఎల్బోలు, గొట్టం ఒరిపిడే ప్రవాహాన్ని తినేస్తుంది. సంప్ (తొట్టి కింద పెట్టే రెండో తొట్టి) ఉంటే ఎత్తు కూడా కలుస్తుంది. చిల్లర్ మాన్యువల్ అడిగిన కనీస ప్రవాహానికి ఒకటిన్నర రెట్ల పంపు కొనండి. బిగించాక తిరుగు గొట్టాన్ని తొట్టి నీటిమట్టం దగ్గరే పట్టుకుని కొలవండి: 5 లీటర్లు 30 సెకన్లలో నిండితే గంటకు 600. ప్రవాహం తక్కువైతే కాయిల్‌లో నీళ్లు అతిగా చల్లబడి, సెన్సర్ పొరబడి, కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతుంది.

జవాబు 3: నీళ్లు వెళ్లే వరుస ఇది: తొట్టి, ఫిల్టర్, చిల్లర్, తొట్టి. ముందు ఫిల్టర్ లేకపోతే కాయిల్‌లో చెత్త పేరుకుంటుంది. చిల్లర్‌ను రవాణాలో పడుకోబెట్టి ఉంటే 24 గంటలు నిలబెట్టాకే ఆన్ చేయండి, కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలి. రొయ్యలున్నాయి కాబట్టి రోజుకు 1–2 డిగ్రీలే తగ్గించండి.