డౌన్ సిండ్రోమ్ ఉంటే కిడ్నీ లిస్టులో పేరు పెట్టరా?

బెజవాడ_అక్క:
మా చెల్లికి 23, డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల కాస్త నెమ్మది. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ బ్లడ్ గ్రూప్ కలవలేదు, నాన్నకి షుగర్. చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయిద్దామని అడిగితే డాక్టర్ గారు ఫైల్ మూసేసి "మామూలు పిల్లలే బోలెడుమంది లైన్లో ఉన్నారు కదమ్మా" అన్నారు. చెల్లి పక్కనే కూర్చునుంది, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే నరం) ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆటోలో "నాకివ్వరా అక్కా?" అంది. ఒళ్ళు మండింది, కానీ కిడ్నీలు తక్కువే కదా, ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందేమో అని కూడా ఒక పక్క పీకుతోంది.

సూటిగా_చెప్తా:
తిట్టుకోకండి గానీ, ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక జీవితాంతం టైముకి మందులు పడాలి. ఎవరికి పెడితే ఎక్కువ కాలం నిలుస్తుందో చూడటం తప్పెలా అవుతుంది? మా బాబాయ్ ఎదురుచూసి చూసి పోయాడు.

ఐసీయూ_నైట్‌డ్యూటీ:
అది చూడాలండీ, కానీ చూశారా మరి? ఫైల్ మూసేశారు, అంతే. నేను బర్మింగ్‌హామ్‌లో నర్సుని. 2020 మార్చి 20న ఇక్కడ నైస్ (వైద్యానికి గైడ్‌లైన్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు కోవిడ్‌కి గైడ్‌లైన్ ఇచ్చారు, వృద్ధుల కోసం తయారుచేసిన ఫ్రెయిల్టీ స్కోరు, అంటే మనిషి ఎంత బలహీనంగా ఉన్నాడో చెప్పే లెక్క, వేసి ఐసీయూ ఇవ్వాలా వద్దా ఆలోచించమని. స్నానానికి సాయం కావాలంటే స్కోరు పెరుగుద్ది. అంటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్న ఆటిజం కుర్రాడు కూడా ముసలాళ్ళ లెక్కలో పడతాడు! గొడవైంది, 25నే మార్చారు, 65 లోపు వాళ్ళకీ, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ళకీ ఆ స్కోరు వాడొద్దని.

బాబు_వాళ్ళ_నాన్న:
అక్కా, జీవన్‌దాన్‌లో పేరు ఆసుపత్రి ద్వారానే ఎక్కాలి, కాబట్టి అసలు వడపోత లిస్టులో కాదు, ఆ డాక్టర్ టేబుల్ దగ్గరే జరిగిపోద్ది, ఎక్కడా రికార్డు కూడా ఉండదు. అందుకే ఎందుకు కుదరదో కాగితం మీద రాసిమ్మనండి. గుండెకో ఇన్ఫెక్షన్‌కో సంబంధించిన కారణమైతే సరే, డౌన్ అని రాస్తే వికలాంగుల కమిషనర్‌కి పెట్టొచ్చు, 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 25 వైద్యంలో మనవాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వమనే చెప్తోంది. అమెరికాలో సాండ్రా జెన్సెన్ అనే ఆమెకీ డౌన్ అని గుండె-ఊపిరితిత్తుల మార్పిడి కుదరదన్నారు, గొడవ చేస్తే 1996లో పెట్టారు.

సూటిగా_చెప్తా:
ఆమె ఏడాదిన్నర కూడా బతకలేదుగా.

బాబు_వాళ్ళ_నాన్న:
మామూలోళ్ళు పోరా? వాళ్ళనెవరూ లెక్కలు అడగరే.

బెజవాడ_అక్క:
మందులు టైముకి వేసుకుంటుందా అని కదా, డయాలసిస్‌లో నీళ్ళు కొలిచే తాగాలి, బాటిల్ మీద మార్కర్‌తో తనే గీతలు గీసుకుంది, గీత దాటి గుక్క తాగదు. నాన్నే దొంగతనంగా పంచదార కాఫీ కొడతాడు. గురువారం డయాలసిస్ లేదు, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, బాటిల్ కూడా పట్టుకెళ్తా.